రిబ్కాను అడిగిరి

ధ్యాన భాగము: ఆదికాండము 24వ అధ్యాయము



కొన్ని వారముల క్రిందట ఒక సాయంకాలము, ప్రార్థన ముగిసి అందరును వెళ్లిపోయిన తరువాత, ఒక యౌవనస్థుడు మాత్రము నా యింటి అరుగు మీదనే కూర్చుండెను. ఆత్మకూరు చుట్టుపట్ల గ్రామములలో ఒకదానివాడు. విత్తనముల అంగడిలో పనిచేయుచున్నాడు. "ఏమి నాయనా, ఏదైన మాటలాడవలెనా?" అని అడిగితిని. అతడు జేబులోనుండి మడిచిన కాగితమొకటి తీసి నా చేతికిచ్చెను.

కర్నూలులో నర్సుగా పనిచేయుచున్న ఒక అమ్మాయితో అతనికి పెండ్లిమాటలు జరుగుచున్నవి. ఇరుపక్షముల పెద్దలు ఒకమారు కూర్చుండి మాటలాడుకొనిరి. ప్రధానము ఇంకను కాలేదు. ఆ అమ్మాయి ఫోనులో అతనితో, "పెద్దోళ్లు మాట్లాడుకున్నారు గానీ మనం మాట్లాడుకోలేదు గదా. ఒక దినం సాయంత్రం కర్నూలుకు రండి" అని చెప్పెనట. పెద్దలును సరేననిరి. ఇప్పుడు ఆ సాయంకాలము ఎట్లు గడుపవలెనన్నది అతని చింత.

"అయ్యగారూ, ఆ పిల్లను యాడికి పిలుచుకపోవల్ల? మొదటిసారి గదా, గొప్పగా ఉండల్ల" అని అడిగెను.

కాగితము విప్పి చూచితిని. స్నేహితుని మోటారు సైకిలు, ఇంకొకని చేతిగడియారము, క్రొత్త చొక్కా, సినిమా, ఏ.సి. హోటలులో భోజనము, ఆమెకు ఒక బహుమానము. అన్నిటికిని కలిపి 5,000 రూపాయలు. ఆ 5,000 అంగడి యజమానుని యొద్ద అప్పు.

మన తాతల కాలములో ఇట్టి కాగితము పట్టుకొని కాపరియొద్దకు ఎవడైన వచ్చియుండిన, చీవాట్లు తిని వెళ్లియుండును. నేను చీవాట్లు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో మీకు తెలియవలెనన్న, నా తప్పిదమొకటి మీ యెదుట ఒప్పుకొనవలసి యున్నది.

నేను సేవకు వచ్చిన తొలి సంవత్సరములలో వేరొక గ్రామమున కాపరిగా ఉంటిని. అక్కడ ఒక అమ్మాయికి పెండ్లి కుదిరెను. వరుని ఆమె ఫోటోలో మాత్రమే చూచినది. క్రమము ప్రకారము మూడు ఆదివారములు నేను పెండ్లి ప్రకటన చదివి, అభ్యంతరము గలవారు తెలుపవలెనని సంఘమును అడిగితిని. ఎవరును నోరెత్తలేదు. ఆ పిల్ల స్త్రీల వరుసలో తల వంచుకొని కూర్చుండెను. అది సిగ్గని నేను తలంచితిని. ఏడు నెలలు తిరుగకముందే ఆమె పుట్టింటికి వచ్చివేసెను. ఓదార్చుటకు వెళ్లిన నన్ను చూచి ఆమె ఏడ్వలేదు, కోపపడలేదు. "అయ్యగారూ, మూడు ఆదివారాలు ఊరందరినీ అడిగితిరి. నన్ను ఒక్కసారి అడగలేదు" అనెను.

"గుడిలో అందరి యెదుట నీకు ఇష్టమేనా అని అడిగితిని గదా తల్లీ" అంటిని.

"అప్పటికి పందిరేసి, కూర వండి, చుట్టాలంతా వచ్చి కూర్చున్నారు. అప్పుడు కాదనేదానికి నాకు నోరేడిది అయ్యగారూ?" అనెను.

ప్రియులారా, ఆ దినము మొదలుకొని ఆదికాండము 24వ అధ్యాయమును నేను వేరొక విధముగా చదువుచున్నాను. ఇస్సాకు పెండ్లి కథ అందరికిని తెలిసినదే. పెండ్లి ప్రసంగములలో మాటిమాటికి వినుచుందుము. అయితే ఆ అధ్యాయములో రెండు వాకిళ్లున్నవి. వాటిని మనము దాటిపోవుచున్నాము.

మొదటి వాకిలి 5వ వచనము నుండి 8వ వచనము వరకు ఉన్నది. ముసలివాడైన దాసుడు ప్రయాణమునకు ముందే, ఆ చిన్నది రాను అన్నయెడల నేనేమి చేయవలెను అని అడుగుచున్నాడు. అబ్రాహాము కోపపడలేదు, నా కుమారునికి రానను పిల్ల ఎక్కడనున్నది అని గర్వముగా పలుకలేదు. ఆమెకు ఇష్టము లేనియెడల నీవు ఈ ప్రమాణమునుండి విడుదల పొందుదువని చెప్పెను. ఇంకను కనుగొనబడని పిల్ల, పేరైనను తెలియని పిల్ల. అయినను ఆమె కాదనవచ్చునని విశ్వాసులకు తండ్రియైన అబ్రాహాము ముందుగానే చోటు పెట్టెను.

రెండవ వాకిలి 57, 58 వచనములలో ఉన్నది. నిజము చెప్పవలెనన్న, ఆమె అన్న లాబానును తండ్రి బెతూయేలును మొదట తామే తీర్మానించి తీసికొనిపొమ్మనిరి. మన పెద్దలవంటివారే వారును. అయితే బయలుదేరు వేళకు, చిన్నదానిని పిలిచి ఆమె నోటనే విందమనిరి. ఆమెను అడిగిరి. ఆమె వెళ్లుదునని తన నోట పలికెను. ఒంటెలు మోకాళ్ల మీదనుండి లేచుటకు ముందు ఆమె మాట వినబడెను. నేను నా సంఘపు బిడ్డకు ఆ పాటి మర్యాదయైనను చేయలేదు.

కనుక ఆ యౌవనస్థుని కాగితము నా చేతిలోనుండగా ఇట్లు తలంచితిని: ఇదిగో, ఒక అమ్మాయి పందిరి వేయకముందే తన్ను అడుగుమనుచున్నది. ఈ సాయంకాలము తేలికైన సంగతి కాదు. ఇది రిబ్కాను అడుగు సాయంకాలము. దానిని చక్కగా సిద్ధపరచుటకు సహాయము చేయుట కాపరి పనియే.

ఆ రాత్రి అతనితో చెప్పిన నాలుగు సంగతులను మీ యెదుటను పెట్టుచున్నాను. మన యిండ్లలో యౌవనస్థులు చాలమంది ఉన్నారు.

మొదటిది, కాదనుటకు చోటుండవలెను.

"నాయనా, ఆమెను సంతోషపెట్టుటకు పోవుచున్నావా, ఆమె మనస్సు తెలిసికొనుటకు పోవుచున్నావా?" అని అడిగితిని. ఖరీదైన బహుమానము మొదటి దినముననే చేతిలో పెట్టినయెడల, పుచ్చుకొన్నవారికి కాదనుట కష్టమగును. పెద్ద హోటలులో పెద్ద బిల్లు కట్టినను అంతే. అది ప్రేమ కాదు, బయానా ఇచ్చుటయే. ఎద్దును కొనువాడు బయానా ఇచ్చును గాని, భార్యను వెదకువాడు ఇయ్యకూడదు. ఆమె సంపాదించుకొనుచున్న పిల్ల. బిల్లులో సగము నేనిత్తునన్నయెడల నీవు చిన్నబుచ్చుకొనవద్దు. మరియొక మాట: ఇద్దరును కలిసి ఫోటోలు తీసికొని వాట్సాపులో పెట్టవద్దు. రేపు ఆమె కాదన్నను ఆ ఫోటో ఆమెవెంట ఊరూర తిరుగును.

రెండవది, నిజము కనబడవలెను.

మోటారు సైకిలు ఒకనిది, గడియారము ఇంకొకనిది, డబ్బు వేరొకనిది. "ఇందులో నీది ఏమున్నది నాయనా?" అని అడుగగా అతడు తల వంచుకొనెను. మెల్లగా అడిగిన మీదట సంగతి బయటికి వచ్చెను. అతని తండ్రి పొలములో బోరు వేయించెను. నీరు పడలేదు. ఆ అప్పు ఇంటి మీద నున్నది. ఇతడు ఇంటరు తప్పి చదువు మానెను. ఈ రెండును ఆ అమ్మాయికి తెలియవు. "చెప్తే ఒప్పుకోదేమో అయ్యగారూ" అనెను.

అప్పుడు ఆదికాండము 29వ అధ్యాయము తీసి చూపితిని. యాకోబు ఏడు సంవత్సరములు రాహేలు కొరకు కొలువు చేసెను. రాత్రివేళ పెండ్లి జరిగెను. ఉదయమున చూడగా ఆమె లేయా. చీకటిలో దాచినది తెల్లవారగానే తెలిసిపోవును. ఎరవు తెచ్చుకొన్న గడియారమును చూచి ఆమె సరేనన్నయెడల, ఆమె సరేనన్నది నీకు కాదు, నీ స్నేహితునికి. పెండ్లియైన మరునాటి ఉదయమున ఆమె యెదుట నిలుచువాడవు నీవు.

కర్నూలు సంగతియే చూడుడి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ఆ పట్టణము రాజధాని ఆయెను. చాలినన్ని మేడలు లేక ప్రభుత్వ కచేరీలు కొన్ని గుడారములలో నడచెను. ఒక రాష్ట్రమే గుడారములలో ఆరంభము కాగా, ఒక కుటుంబము రెండు ప్లేట్ల ఇడ్లీతో ఆరంభమగుట అవమానమా? ఇస్సాకును రిబ్కాను మేడలోనికి కాదు, తన తల్లియైన శారా గుడారములోనికే తీసికొనిపోయెను. అక్కడనే ఆమెను ప్రేమించెనని 67వ వచనములో చూచుచున్నాము.

మూడవది, చూచువాడవు వినువాడవునై యుండవలెను.

ఆ అధ్యాయములో సాయంకాలములు రెండున్నవి. ఒకటి ఊరి వెలుపలి బావి యొద్ద, స్త్రీలు నీళ్లు చేదుకొనుటకు వచ్చు వేళ. ఆ దాసుని యొద్ద బంగారు కడియములుండెను. అయినను వాటిని ముందుగా తీయలేదు. ఆమె తనకు నీళ్లిచ్చి ఒంటెలకును చేదిపోయుచుండగా, ఊరకుండి కనిపెట్టి చూచుచుండెను. పది ఒంటెలు దాహము తీర త్రాగువరకు నీళ్లు చేదుట ఎంతటి పనియో మన యిండ్లలో బిందెలు మోయు తల్లులకు తెలియును. అతడు వెదకినది ముఖ సౌందర్యము మాత్రమే కాదు. అడుగకుండనే దయచూపు మనస్సు.

రెండవ సాయంకాలము పొలములో. ఇస్సాకు ధ్యానించుటకు ఒంటరిగా బయలువెళ్లియుండగా కన్నులెత్తి వచ్చుచున్న ఒంటెలను చూచెను. ప్రార్థనలోనుండి లేచినవాడై తన భార్యను మొదటిసారి చూచెను.

కనుక సినిమా వద్దంటిని. సినిమా పాపమని కాదు. మూడు గంటలు చీకటిలో కూర్చుండి ఒకరి మాట ఒకరు వినకుండ వచ్చుటకు కర్నూలుదాక పోనక్కరలేదు. నడచుచు మాటలాడుడి. హోటలులో నీళ్ల గ్లాసు పెట్టు పిల్లవానితో ఆమె ఎట్లు మాటలాడునో నీవు చూడుము. బస్సులో ముసలమ్మకు నీవు చోటిచ్చెదవో లేదో ఆమె చూచును. నీవు ఒక మాట చెప్పిన, ఆమెవి రెండు వినుము.

నాలుగవది, గట్టు ఉండవలెను.

కె.సి. కాలువ సుంకేసుల యొద్ద తుంగభద్రలోనుండి బయలుదేరునని మనకందరికిని తెలియును. ఆ నీరు రెండు గట్ల మధ్య నడచి మన సీమలో వరిచేలను పండించుచున్నది. అదే తుంగభద్ర 2009 అక్టోబరు మొదటి వారములో హద్దు దాటి కర్నూలు వీధులలోనికి వచ్చినప్పుడు, జనులు మిద్దెలెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. నీరు ఒక్కటే. గట్టున్నప్పుడు పంట; గట్టు లేనప్పుడు నాశనము. ప్రేమయును అట్టిదే. దాని సమయము రాకముందు ప్రేమను లేపవద్దని పరమగీతములో మూడుమారులు యెరూషలేము కుమార్తెలకు హెచ్చరిక కలదు. ప్రేమ చెడ్డదని కాదు, అది బలమైనదని.

గట్టు అనగా ఏమి? నలుగురు తిరుగు చోటు; వెలుతురుండగానే భేటి; ఆమె హాస్టలుకు చేరవలసిన వేళకు ముందుగానే చేర్చుట; ఎక్కడనున్నారో ఇరువురి యిండ్లలో తెలిసియుండుట. ఇది ఆమెను అనుమానించుట కాదు, ఆమె పేరును కాపాడుట. రూతు గ్రంథము 2వ అధ్యాయములో బోయజు తన పనివారికి, ఆమెను ముట్టవద్దు అని ముందుగానే ఆజ్ఞ ఇచ్చెను. తరువాత భోజనకాలమున ఆమెను దగ్గరకు పిలిచి పేలాలు అందించెను. ముందు భద్రత, తరువాత భోజనము. ఆమె తృప్తిగా తిని, మిగిలినది అత్తయైన నయోమికి తీసికొనిపోయెను. అది కూడ గమనింపుడి.

ఇవి చెప్పి, ప్రార్థించి పంపితిని. కాగితము అతడే చించివేసెను.

ఆ తరువాత జరిగినది అతడు నాకు చెప్పెను. ఊరి పేరు, వారి పేర్లు చెప్పకుండ వ్రాయుటకు వారిద్దరి సమ్మతి తీసికొంటిని.

ఒక శనివారము మధ్యాహ్నము అతడు తన అక్కను వెంటబెట్టుకొని ఆత్మకూరులో బస్సు ఎక్కెను. 2025 ఆగస్టు 15 నుండి స్త్రీశక్తి పథకము క్రింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మన స్త్రీలకు చార్జి లేదు గనుక, ఆధారు కార్డు చూపి అక్క ఉచితముగా ప్రయాణము చేసెను. ఇతడు తన టిక్కెట్టు తీసికొనెను. తిరుగు బస్సు వేళ డిపోలో ముందుగానే అడిగి తెలిసికొనెను. చొక్కా పాతదే, ఉతికి ఇస్త్రీ చేసినది. చేతికి గడియారము లేదు.

నందికొట్కూరు మీదుగా కర్నూలు చేరిరి. డ్యూటీ ముగించుకొని వచ్చిన ఆ అమ్మాయిని కలిసికొని, ముగ్గురును కొండారెడ్డి బురుజు చూడబోయిరి. పాతకోటలో మిగిలిన ఆ బురుజు యొద్ద జనులు తిరుగుచుందురు. అక్క కనబడునంత దూరములో కూర్చుండెను. వినబడునంత దగ్గర కూర్చుండలేదు. తెలివిగల అక్క! అటుపిమ్మట ఒక చిన్న టిఫిను హోటలులో ఇడ్లీ, మిరపకాయ బజ్జీ తిని టీ త్రాగిరి.

అక్కడ అతడు బోరు సంగతి చెప్పెను. ఇంటరు తప్పిన సంగతియు చెప్పెను. చెప్పునప్పుడు చేతులు వణికినవట. ఆమె కొంతసేపు మాటలాడలేదు. తరువాత ఒక్క ప్రశ్న వేసెను: "మీ వాళ్లు అడిగిన కట్నంతో ఆ అప్పు తీర్చాలనుకున్నారా?"

ప్రియులారా, ఆ ప్రశ్న నా చెవులలో ఇంకను మ్రోగుచున్నది. ఏ పెద్దయు అడుగని ప్రశ్న అది. నీరు పడని బోరును ఒక ఆడపిల్ల చెమటతో పూడ్చవచ్చునా? కట్నము ఇచ్చుటయు పుచ్చుకొనుటయు 1961 నుండి చట్టము ప్రకారము నేరము. గుడిలో బల్లారాధనకు వచ్చు మనము ఆ చట్టమునకైనను భయపడుట లేదు, దేవునికైనను భయపడుట లేదు.

అతడు అబద్ధమాడలేదు. "మా నాయన అట్లనే అనుకున్నాడు. నేను అడ్డం చెప్పలేదు. ఇప్పుడు చెప్తా" అనెను. ఆమెయు తన సంగతి చెప్పెను: తండ్రి లేడు, పెండ్లియైనను ఉద్యోగము మానదు, జీతములో కొంత ప్రతి నెల తల్లికి పంపవలెను, దీనికి ఒప్పుకొనువాడు కావలెను. అతడు తొందరపడి అప్పటికప్పుడే అవునని చెప్పలేదు. ఇంటికి పోయి ఆలోచించి చెప్పెదనని అనెను. అదియు నాకు నచ్చెను. వెలుతురుండగానే ఆమెను హాస్టలు గేటు వరకు చేర్చిరి. ఆమె అక్క చేతిలో పండ్ల పొట్లము పెట్టి, "అత్తకియ్యండి" అనెనట. మొత్తము ఖర్చు, బస్సు చార్జితో కూడ, 500 రూపాయలు దాటలేదు. అంగడి యజమానుని యొద్ద అప్పు చేయనక్కర లేకపోయెను.

మరునాడు అతడు తండ్రితో మాటలాడెను. ఆ యింట పెద్ద రగడ జరిగెను. నేనును వెళ్లి కూర్చుండవలసి వచ్చెను. కట్నము మాట ఇప్పటికి ఆగియున్నది. ఆ అమ్మాయి మాత్రము ఆలోచించుకొనుటకు వ్యవధి కావలెనని అడిగినది. నేను ఇది వ్రాయు దినమునకు ఆమె జవాబు ఇంకను రాలేదు. సరేనన్న స్తోత్రము. కాదన్నను స్తోత్రమే, ఎందుకనగా ఆమె అడుగబడెను, నిజము వినెను, తన నోట చెప్పును. అతడును ఒక మనుష్యుని వలె ఇంటికి తిరిగివచ్చెను, ఎరవు సొమ్ముల మేకు వలె కాదు.

ఇప్పుడు తల్లిదండ్రులకు ఒక మనవి. "మా కాలములో మేము ముఖములు చూచుకొనలేదు, కాపురములు చేయలేదా?" అని మీరనవచ్చును. చేసితిరి. దేవుడు అనేకులను కాచెను. అయితే నోరులేక ఏడ్చినవారి లెక్క మన రిజిస్టరులలో లేదు. మీ బిడ్డ, "ఒకసారి మాటలాడవలెను" అని అడిగినయెడల, తప్పుదారి పట్టెనని కేకలు వేయవద్దు. దొంగచాటుగా కలిసికొనుటకంటె మీ దీవెనతో, మీకు తెలిసి, పట్టపగలు కలిసికొనుట మంచిది కాదా? ఒక సాయంకాలము ఇయ్యుడి. తరువాత బిడ్డను ఒంటరిగా కూర్చుండబెట్టి అడుగుడి. ఆమె చెప్పు జవాబు మీకు నచ్చకపోయినను వినుడి.

సంఘ పెద్దలకును ఒక మాట. ఇకమీదట నా చేతిలోనికి పెండ్లి ప్రకటన వచ్చినప్పుడు, సంఘములో చదువుటకు ముందు ఆ అమ్మాయిని, ఆ అబ్బాయిని వేరువేరుగా పిలిచి అడిగెదను. అది ఆలస్యమైనను నన్ను తొందరపెట్టవద్దు. మూడు ఆదివారములు సంఘమును అడుగుటకు ముందు ఒక సాయంకాలము ఆమెను అడుగుదము.

యౌవనస్థులారా, పట్టణమునకు పోవునప్పుడు మీదైన చొక్కాతో, మీదైన మాటతో పొండి. ఇస్సాకు వలె ముందు ప్రార్థించుడి. రిబ్కా వలె మీ నోట మీరే జవాబు చెప్పుడి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, పొలములో ఇస్సాకును, బావియొద్ద రిబ్కాను చూచినవాడా, మా బిడ్డలను చూడుము. వారికి నిజము పలుకు ధైర్యమును, ఎదుటివారి మాట వినునట్టి ఓర్పును దయచేయుము. అడుగక పోయిన మా తప్పిదమును క్షమించి, నోరులేక నలిగినవారిని నీవే ఆదరించుము. మా ప్రభువైన యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.